పెద్దమ్మా అని పిలిచినవాడు

ఆ వీధిలో ఆమెను అందరూ గుండీలమ్మ అనే పిలిచేవారు. రెండు వీధుల అవతల ఉన్న కోట్లు కుట్టే దుకాణంలో గుండీలు కుట్టడం, కాజాలు తియ్యడం, పాత కోట్ల అంచులు విప్పి మళ్ళీ మడవడం ఆమె పని. భర్త చనిపోయిన ఏడాది పనిలో చేరింది, జుట్టు తెల్లబడినా మానలేదు. దుకాణం యజమానిని మాస్టరు అంటారు. ఆయనకంటే ఆవిడే పెద్దది కాబట్టి ఆయన ఆవిడతో గట్టిగా మాట్లాడడు, ఆవిడ మాత్రం ఆయన్ని రోజుకోసారి చీవాట్లు పెడుతుంది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. లిఫ్టు లేదు. కింద ఇస్త్రీ దుకాణం ఉండటంతో మెట్లన్నీ ఎప్పుడూ వేడిగుడ్డల వాసన వేస్తుంటాయి. కూతురు ఊరికి ఆ చివర ఉంటుంది, సిటీ బస్సు నడుపుతుంది. ఆమె కూతురు, అంటే గుండీలమ్మ మనవరాలు, కాలేజీకి వచ్చింది. "మా అమ్మాయి బస్సు నడుపుతుంది" అని చెప్పేటప్పుడు గుండీలమ్మ గొంతులో వచ్చే గర్వం దాచుకుందామన్నా దాగేది కాదు.

కిందటేడు గుండీలమ్మ మెట్ల మీద జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, మడమ వాచింది. కానీ కూతురు ఆ రోజు నుంచి ఒకటే పాట. "అమ్మా, ఇంక చాలు. వచ్చి మాతో ఉండు. ఇంకొక్కసారి ఏదైనా జరిగిందా, నేనడగను, సామాను ఎక్కించి తీసుకుపోతాను, అంతే." నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు వెనక మాట నవ్వులాట కాదని తల్లికి తెలుసు. ఆ ఇల్లు పోతే దుకాణం పోతుంది, దుకాణం పోతే పొద్దున్నే లేవడానికి కారణం పోతుంది. అందుకని అప్పట్నుంచి ఆమె తలనొప్పి వచ్చినా కూతురికి చెప్పడం మానేసింది.

ఆ మనిషి ఆమె బతుకులోకి ఉల్లిపాయలతో వచ్చాడు.

బజారు నుంచి వస్తూ మెట్లు ఎక్కుతుంటే సంచీ అడుగు చిరిగి ఉల్లిపాయలన్నీ దొర్లిపోయాయి. కింద నుంచి ఒకాయన గబగబా వచ్చి ఒక్కొక్కటీ ఏరి ఇచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఉతికిన చొక్కా, భుజాన పనిముట్ల సంచీ, ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగిన పాత మచ్చ. "మీరెందుకు మోస్తారు పెద్దమ్మా, నేనున్నానుగా" అంటూ అన్నీ తన చేతుల్లోకి తీసుకుని పైదాకా వచ్చాడు. పై అంతస్తులో ఎవరిదో కుళాయి బాగు చెయ్యడానికి వచ్చానన్నాడు. మంచినీళ్ళిచ్చింది. తాగుతూ తలుపు వైపు చూసి, "ఈ గడియ వదులైపోయింది పెద్దమ్మా, ఒక్క నిమిషం" అని స్క్రూడ్రైవరు తీసి బిగించేశాడు. డబ్బులిస్తానంటే చెవులు మూసుకున్నాడు.

తర్వాత మరో రెండుసార్లు వచ్చాడు. ఇటుగా వెళ్తున్నాను, ఎలా ఉన్నారో చూద్దామని, అనేవాడు. కుర్చీ చివర కూర్చునేవాడు. అడగడం తెలిసిన మనిషి. ఒంటరిగా ఉంటే భయం వెయ్యదా? దుకాణం నుంచి ఎన్నింటికి వస్తారు? అమ్మాయి వారానికోసారైనా వస్తుందా? ఆమె అన్నీ చెప్పింది. దుకాణంలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు, కూతురు ఫోను చేస్తే మందులు వేసుకున్నావా అనే అడుగుతుంది. ఇలా చెవి ఒగ్గి వినేవాళ్ళు దొరికి ఎన్నాళ్ళయిందో! అతను వెళ్ళిపోయాక కూడా ఆమెకు మనసు తేలిగ్గా ఉండేది.

ఒక మంగళవారం జ్వరం వచ్చింది. మాస్టరుకు ఫోను చేసి రానని చెప్పి, దుప్పటి కప్పుకుని పడుకుంది. మధ్యాహ్నం పూట ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కునుకు పట్టబోతుండగా తలుపు దగ్గర చిన్న చప్పుడైంది. ఎవరూ తలుపు కొట్టలేదు. తాళంలో తాళంచెవి తిరిగింది.

కూతురే అనుకుంది. ఆమె దగ్గర ఒక తాళంచెవి ఉంది. "వచ్చావా?" అనబోయింది. కానీ కూతురైతే మెట్ల మీద నుంచే "అమ్మా" అని కేకేస్తుంది, పైగా ఈ వేళ డ్యూటీలో ఉండాలి. తలుపు తెరుచుకుంది. లోపల గొలుసు వేసి ఉంది కాబట్టి బెత్తెడు తెరుచుకుని ఆగింది. ఆ సందులో తెగిన కనుబొమ్మ కనబడింది.

ఆమె లేచి నిలబడింది.

ఒక్క క్షణం అతని మొహంలో ఏ భావమూ లేదు. వెంటనే నవ్వు వచ్చి కూర్చుంది. "అరె, ఇంట్లోనే ఉన్నారా పెద్దమ్మా! ఈ తాళంచెవి కింద మెట్ల మీద దొరికింది. మీదేనేమో చూద్దామని వచ్చాను."

గోడకున్న మేకు వైపు చూసింది. అక్కడ వేలాడే రెండో తాళంచెవి లేదు. ఎప్పట్నుంచి లేదో తెలియదు.

సందులోంచి అతను చెయ్యి చాచాడు. ఆమె తాళంచెవి అందుకుంది. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాటను తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని కుమిలిపోయిందో. "థాంక్స్ బాబూ" అంది.

"జాగ్రత్త పెద్దమ్మా" అన్నాడు అతను దిగిపోతూ. "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదు."

తలుపు మూసి, గొలుసు ఉందో లేదో తడిమి, కుట్టుమిషనును ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. తిరిగి ఇద్దామని వచ్చినవాడు తలుపు కొడతాడు గాని తాళం తీస్తాడా? ఆ ఆలోచన మిషను పెట్టిన తర్వాతే వచ్చింది. అది రాగానే ఒళ్ళంతా చెమట పట్టి జ్వరం దిగిపోయింది.

కూతురికి చెప్పాలి. ఫోను తీసింది. పెట్టేసింది. చెబితే సాయంత్రానికల్లా సామాను సర్దేస్తుంది. పోనీ తాళం మార్పిద్దామంటే, కూతురు దగ్గరున్న తాళంచెవి పనిచెయ్యదు, ఎందుకు మార్చావంటుంది. పోలీసులకు చెబితే ఏమని చెప్పాలి? నా తాళంచెవి దొరికితే తెచ్చిచ్చాడు బాబూ, అనా? ఏమీ పోలేదు. దెబ్బ తగల్లేదు. పైగా ఇంట్లోకి పిలిచి మంచినీళ్ళిచ్చింది, గుట్టుమట్లన్నీ విప్పి చెప్పింది తనే. వినేవాళ్ళు ముందు తననే అంటారు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది ఆమె పని.

ఆ వారమంతా ఆమె బతుకు బతుకు కాదు. దుకాణానికి వెళ్ళే దారి మార్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే సూది చేతిలో ఆగిపోయేది. నల్ల కోటుకు గోధుమరంగు గుండీలు కుట్టిపెడితే మాస్టరు బిక్కమొహం వేసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. "కళ్ళు మసకేస్తున్నాయిలే" అంది. అన్నం సహించేది కాదు. ఒక రోజు సాయంత్రం ఇస్త్రీ దుకాణం ఎదురుగా గోడకు ఆనుకుని అతనే నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి తల వంచి నమస్కారం పెట్టాడు, ఎంతో మర్యాదగా. ఆమె కూడా చెయ్యెత్తి నమస్కారం పెట్టింది! ఇంటికొచ్చి ఆ చెయ్యిని చూసుకుని ఏడ్చింది.

సరిగ్గా ఆ సమయంలోనే మనవరాలు ఫోను చేసి శుభవార్త చెప్పింది. పేటలోని మహిళా సంఘం వాళ్ళు హాల్లో తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు అభినందన సభ పెడుతున్నారట. తను అమ్మమ్మ పేరు ఇచ్చిందట. "అమ్మమ్మా, నువ్వు ఆ నీలం చీరే కట్టుకోవాలి. అమ్మ సెలవు పెట్టింది. నాకే పరీక్ష, రాలేను."

రానని చెప్పడానికి నోరు రాలేదు. పైగా కూతురు వస్తోంది. మొహం చూడగానే పట్టేస్తుందేమో. సభ రోజు పొద్దున్నే లేచి మిషనును తలుపు దగ్గర్నుంచి పాత చోటుకు లాగేసింది. నేల మీద గీతలు పడ్డాయి. వాటి మీద పట్టా పరిచింది.

హాలు నిండా ముసలివాళ్ళే. కుర్చీల చప్పుళ్ళు, పౌడరు వాసన, "మీ మోకాళ్ళెలా ఉన్నాయి?" అని పలకరింపులు. ఒక్కొక్కరికీ ఒక్కో పూలగుత్తి ఇచ్చారు. సంఘం అధ్యక్షురాలు చాలాసేపు మాట్లాడింది. తల్లి అంటే సహనం అంది, ఎవరినీ కాదనలేని గుండె అంది, తలుపు తట్టిన వాళ్ళని ఉత్తచేతులతో పంపని చెయ్యి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న కూతురు తల్లి భుజం నొక్కింది. గుండీలమ్మకు మాత్రం ఒక్కో మాటా ముల్లులా గుచ్చుకుంది. కాగితం చుట్టిన పూలకాడల్ని ఆమె వేళ్ళు నలిపేస్తున్నాయి.

తర్వాత ఒక పొట్టి ఆవిడ వేదిక ఎక్కింది. పోలీసు ఉద్యోగం చేసి రిటైరయిందట. పెద్దవయసు ఆడవాళ్ళకు జాగ్రత్తలు నేర్పుతుందట. ఉపన్యాసం చెప్పలేదు. "అమ్మలూ, మీరు ఎప్పుడైనా గట్టిగా అరిచారా? పిల్లల మీద కాదు. బయటివాళ్ళ మీద" అని అడిగింది. అందరూ నవ్వారు. "మిమ్మల్ని మోసం చేసేవాడు మీ బలం ఎంతో చూడడు. మీ మర్యాద ఎంతో చూస్తాడు. ముక్కూమొహం తెలియనివాడి మనసు నొచ్చుకుంటుందేమోనని మీరు తలుపు తీస్తారు చూడండి, దాని మీదే వాడి బతుకు. ఒకరెవరైనా రండి, నాటకంలా ఆడి చూద్దాం."

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న పాపానికి గుండీలమ్మనే పిలిచారు. కూతురు నవ్వుతూ లేపి పంపింది.

"నేను మీ గుమ్మంలోకొచ్చాను. మగవాణ్ణి. లోపలికి రానివ్వమంటున్నాను. మీరు 'వద్దు, వెళ్ళు' అనాలి. అంతే. సరేనా?" ఆ పోలీసావిడ చేత్తో గాల్లో తలుపు తట్టినట్టు చేసి, గొంతు మార్చి నవ్వుతూ అంది. "పెద్దమ్మా, ఒక్కసారి తలుపు తీయండి పెద్దమ్మా."

ఆ పిలుపు చెవిన పడగానే గుండీలమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. చివరికి ఎలాగో, "ఇప్పుడు కాదు బాబూ, మళ్ళీ రండి" అంది.

హాలంతా ఘొల్లున నవ్వింది. కూతురు కూడా నవ్వింది. పోలీసావిడ ఒక్కతే నవ్వలేదు. ఆమె గుండీలమ్మ చేతులు చూస్తోంది. పూలగుత్తి మొత్తం ఆకులాగా వణుకుతోంది. దగ్గరికి వచ్చి, మైకు పక్కకు పెట్టి, నెమ్మదిగా అడిగింది. "ఎవరమ్మా అతను?"

ఇక ఆగలేదు. వారం రోజులుగా గొంతులో బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటపడింది. మైకు లేకపోయినా హాలంతా వినబడింది, ఎందుకంటే అందరి నవ్వులూ ఆగిపోయాయి. ఉల్లిపాయలు, గడియ, తాళంచెవి, జ్వరం, థాంక్స్ బాబూ అన్న మాట కూడా దాచుకోకుండా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కూతురి వైపు చూడలేదు. చూసేసరికి కూతురు నిలబడి ఉంది. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

అప్పుడు వెనక వరసల్లోంచి ఒకావిడ లేచింది. సంగీతం పాఠాలు చెప్పే టీచరమ్మ. లావుపాటి కళ్ళజోడు. "ఏవండీ, అతనికి ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుందా?"

"అవును."

"చొక్కా నలగకుండా ఉంటుందా? కుళాయిలు బాగుచేస్తానంటాడా?"

"అవునండీ, అవును."

టీచరమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. "ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. బాత్రూంలో కుళాయి కారుతోందంటే తాళంచెవి ఇచ్చి వచ్చాను. మా అక్క ఉంది లోపల. మంచం మీద ఉంటుంది. లేవలేదు."

అన్ని కుర్చీలూ ఒక్కసారే కదిలాయి.

పోలీసావిడ అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని నడుస్తోంది. "ఎవరూ లోపలికి వెళ్ళకండి. వాడి మీదకెళ్ళొద్దు, వింటున్నారా? అందరం కలిసి ఉందాం, గట్టిగా మాట్లాడదాం, అంతే." టీచరమ్మ ఇల్లు వెనక సందులోనే. గుండీలమ్మను ఎవరూ రమ్మనలేదు, ఉండమనలేదు. ఆమె కాళ్ళు వాటంతట అవే నడిచాయి. కూతురు వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు మాత్రం ఎముకల దాకా తెలిసింది. దారిలో గుండీలమ్మకు ఒకటే ఆలోచన. మంగళవారం నాడే నోరు తెరిచి ఉంటే ఆ మంచం మీద మనిషి ఇవాళ హాయిగా పడుకుని ఉండేది. నా ఇల్లు పోతుందని నేను దాచుకున్నాను. ఆవిడకేమన్నా అయితే?

రెండో అంతస్తు. ఇరుకు మెట్లు. ముందు పోలీసావిడ, టీచరమ్మ, వాళ్ళ వెనక తల్లీకూతుళ్ళు. ఆ వెనక ఎవరున్నారో గుండీలమ్మ వెనుదిరిగి చూసేదాకా తెలియలేదు. హాలంతా వచ్చేసింది. చేతికర్రల వాళ్ళు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, ఆయాసంతో రొప్పుతున్న వాళ్ళు. మెట్టుకిద్దరు చొప్పున వీధి గుమ్మం దాకా నిలబడ్డారు. పూలగుత్తులు కింద పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తలుపు మూసి ఉంది. లోపల రేడియో చాలా గట్టిగా మోగుతోంది.

"మా అక్కకి రేడియో చప్పుడు పడదు" అంది టీచరమ్మ. ఆమె గొంతు పిల్లి కూతలా వచ్చింది. "అక్కా!" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. రేడియో ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. అతనే. భుజాన పనిముట్ల సంచీ. "వచ్చేశారా పెద్దమ్మా? అయిపోయింది, ఇంక చుక్క కారదు" అంటూ గడప దాటి, మెట్ల వైపు చూసి ఆగాడు. అంతమందిని చూశాక కూడా ఆ నవ్వు చెదరలేదు. కళ్ళు మాత్రం ఒకరి మీద నుంచి ఒకరి మీదకు దూకుతూ ఖాళీ కోసం వెతికాయి. చివరికి గుండీలమ్మ మీద ఆగాయి. ఈవిడైతే తప్పుకుంటుంది అనుకున్నాడేమో.

"మీరా పెద్దమ్మా! ఒంట్లో బాగుందా? కాస్త దారివ్వండి, పనుంది."

ఆమె ఒళ్ళు పక్కకు జరగబోయింది. అలవాటు అంతటిది. అర అడుగు జరిగింది కూడా. అక్కడ ఆగింది.

"ఇవ్వను" అంది.

ఎవరికీ వినబడలేదు. అతనికి వినబడింది, కానీ పట్టించుకోలేదు. ముందుకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా, అయినవాడిలా పక్కకు నెట్టబోయాడు. అప్పుడు ఆమె కడుపులోంచి ఒక అరుపు వచ్చింది. "ఇవ్వను! చెయ్యి తియ్! ఇవ్వను!" ఆ అరుపుకు ఆమే అదిరిపడింది. పై అంతస్తు తలుపులు తెరుచుకున్నాయి. కూతురు మధ్యకొచ్చి నిలబడింది. మెట్ల మీద ఎవరో "ఇవ్వం" అన్నారు, మరొకరు అందుకున్నారు, తర్వాత ఎవరేమంటున్నారో తెలియని ఒక పెద్ద రొద అయింది. అతను వెనక్కి తిరిగి పై మెట్లెక్కి డాబా వైపు పరుగెత్తాడు. డాబా తలుపుకు తాళం వేసి ఉంది. దాన్ని రెండుసార్లు గుద్ది, కిందికి చూసి, అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు. కింద నుంచి చూస్తే అతను చాలా చిన్నవాడిలా ఉన్నాడు. పోలీసులు వచ్చేదాకా ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు, ఎవరూ కదల్లేదు.

టీచరమ్మ అక్క బతికే ఉంది. గది తలుపుకు బయట గడియ పెట్టి, చేతికందే ఫోను తీసి బీరువా మీద పెట్టేశాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది ఆవిడకు. రేడియో చప్పుడులో ఎవరికి వినబడుతుంది? చెల్లెల్ని చూడగానే ఏడవలేదు, తిట్టింది. "మొదటి రోజే చెప్పానా లేదా? ఇంట్లోకొచ్చినవాడు మంచం మీదున్న మనిషిని పలకరించలేదు, బీరువాకేసి చూశాడు. చాదస్తం అన్నావు నన్ను." టీచరమ్మ ఆ మంచం అంచున కూర్చుని అక్క పాదాలు రెండు చేతులతో పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

అతని సంచీలో నగల పెట్టె దొరికింది. ఇంకా ఒక ఇనుప రింగుకు గుచ్చిన తాళంచెవులు దొరికాయి. ఆ సాయంత్రమే ఒక కానిస్టేబులు వాటిని పట్టుకుని గుండీలమ్మ ఇంటికొచ్చాడు. మొదటిది తాళంలో దూరలేదు. రెండోది దూరింది, తిరిగింది, తలుపు తెరుచుకుంది. అంటే ఆమెకు తాళంచెవి తిరిగి ఇచ్చేనాటికే దానికి నకలు చేయించుకున్నాడు. ఆ వారం రాత్రులన్నీ ఆమెకూ అతనికీ మధ్య ఉన్నది ఒక గొలుసు, ఒక కుట్టుమిషను మాత్రమే. కూతురు ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది.

కానిస్టేబులు వెళ్ళిపోయాక కూతురు నేల మీది పట్టా తొలగించి ఆ గీతల్ని చూసింది. వేలితో తడిమింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే తీసుకుపోతానన్నావుగా."

"అది... నేనేదో అన్నాను." కూతురు గీతల మీద నుంచి చెయ్యి తీసింది. "అంటే నీకు వాడికంటే నేనంటేనే ఎక్కువ భయమన్నమాట."

కాదని చెబుదామనుకుంది తల్లి. కానీ అది నిజమే. అందుకని కూతురి జుట్టులో చెయ్యి పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టు. కొంతసేపటికి కూతురు మొహం తుడుచుకుని, "సరే. నేను చెప్పను. నువ్వు చెప్పు. నీకేం చెయ్యాలనుంది?" అంది.

అలా ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆలోచించుకుని చెప్పింది. ఇల్లు వదలను. తాళం మార్పించు. తలుపుకు చూసే కన్నం పెట్టించు. రోజూ సాయంత్రం ఫోను చెయ్యి, కానీ మందుల గురించి కాదు, ఊరికే మాట్లాడు. కూతురు అన్నీ ఒప్పుకుంది.

భయం మాత్రం పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. ఇప్పటికీ గంట మోగితే ఆమె చేతిలో సూది ఆగుతుంది. ఇప్పటికీ సంచీ మోస్తానని ఎవరైనా ముందుకొస్తే ఒళ్ళు బిగుసుకుంటుంది. అలా వచ్చేవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే అయుంటారని తెలిసి ఇంకా బాధపడుతుంది. ఆదివారాలు టీచరమ్మ ఇంటికి వెళ్ళి పెద్దావిడ మంచం పక్కన కూర్చుంటుంది. ఆవిడకి తిట్టడానికి కొత్త మనిషి కావాలి, ఈవిడకి అన్నీ చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇద్దరికీ బాగా కుదిరింది.

కూతురు మాట తప్పలేదు. ప్రతి సాయంత్రం ఫోను చేస్తుంది. డిపోలో ఎవరేమన్నారో, ఏ మలుపులో ట్రాఫిక్ ఆగిందో చెబుతుంది. ఆ మధ్య ఒక సాయంత్రం అలాగే మాట్లాడుతూ ఆగిపోయింది.

"ఏమే, వినబడుతోందా?" అంది గుండీలమ్మ.

"ఉన్నానమ్మా." అవతల తలుపు వేసిన చప్పుడైంది. "అమ్మా, నీకొకటి చెప్పాలి. కంగారు పడకు. రెండు నెలల్నుంచి ఒకడు చివరి స్టాపు దాకా కూర్చుంటున్నాడు. దిగడు. డిపో నుంచి నేను ఇంటికెళ్ళేటప్పుడు వెనకే నడుస్తున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆయన ఉద్యోగం మానెయ్యమంటాడని. నువ్వు అంతమందిలో చెప్పావు కదా, నీకు చెబుదామనిపించింది."

మానెయ్యి తల్లీ, రేపట్నుంచి వెళ్ళకు, ఇంట్లో కూర్చో, అనే మాటలు గుండీలమ్మ నాలుక చివరి దాకా వచ్చాయి. వాటిని గుటక వేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"మొదట్నుంచి చెప్పు" అంది. "నేను వింటున్నాను. అంతా విన్నాక, నీకేం చెయ్యాలనుందో చెబుదువుగాని."